పద్దులో లేని చేప

చింతపల్లి ఒడ్డున వేలంపాటకి పద్దు రాస్తాను.
వంజరం ఇంత, చందువ ఇంత, కవళ్లు గంపకి ఇంత.
తడి కాగితం మీద పెన్ను కదలదు,
పదకొండేళ్లుగా పెన్సిలే.

ఈ చేపకి నా పుస్తకంలో గీత లేదు.

చిటికెన వేలి మీద రెండు కణుపులంత.
లైట్‌హౌస్‌కి ఎదురుగా మునిగీ తేలీ ఉండే రాళ్ల దగ్గర
గోధుమరంగు పాచి నిలువునా పెరుగుతుంది
శనగగింజలంత గాలిబుడగలు కట్టుకుని,
పోటుకి ఇటు, పాటుకి అటు,
పూనకం వచ్చిన మనిషి జుట్టులా.
ఆ జుట్టులో ఉంటుంది ఇది.
"సముద్రం తల్లికి పేలు బాబూ, దువ్వితే రాల్తాయి"
అంటుంది రాళ్ల మీద ఆలుచిప్పలు కొట్టే గరికిన దానమ్మ.
పాచిపిల్ల అని పేరు కూడా ఆమే పెట్టింది.

ఆకు కదిలితే కదులుతుంది, ఆకు ఆగితే ఆగుతుంది.
దాన్ని ఈదడం అనాలో వద్దో.
ముదురు పాచిలో ముదురు, లేత పాచిలో బెల్లంపాకం,
కంటి చుట్టూ మాత్రం ఒక పసుపు గీత,
ఎవరో గీసి చెరపడం మర్చిపోయినట్టు.

దసరా వెళ్లాక ఒక పాటు రోజున
దానమ్మ పిలిచి చూపించింది.
ఖాళీ చిప్ప లోపల ఆవగింజల్లా గుడ్లు.
గుమ్మంలో మగచేప,
ఇనుప చీల మొనకేసి నోరు తెరుచుకుని.
చీల దానికి పదింతలు.
"ఆడది ఎల్లిపోనాది. ఈడే కాస్తన్నాడు" అని
ఆ చిప్ప వదిలేసి పక్కది కొట్టింది.
ఆమె మగడు ఆగస్టులో వేరావల్ వెళ్లాడు, బోటు మీదికి.
వేసవి దాకా రాడు.
ఆ మాట ఆమె అనలేదు. నేను రాస్తున్నాను,
రాయడమే కదా నా పని.

కార్తీకంలో వాయుగుండం.
మూడు రోజులు బోటు కదల్లేదు, పుస్తకం తెరవలేదు.
నాలుగో పొద్దున ఒడ్డంతా పాచి, మోకాలెత్తు.
అందులో కొబ్బరిమట్టలు, తెగిన నైలాన్ వల,
ఎవరిదో ఎడమకాలి చెప్పు.
ఈగలు.
సూరాడ ఎల్లాజీ ట్రాక్టర్ తెచ్చాడు, కొబ్బరిమొదళ్లకి ఎరువని.
పంగలకర్రతో ఎత్తుతుంటే కుప్ప అడుగున ఏదో మెరిసింది.
మెరవలేదు. మెరవడం దానికి రాదు.
కదిలింది, అంతే.

ఏడు దొరికాయి. ప్రాణంతో నాలుగు.
టిఫిన్ డబ్బాలో ఉప్మా కాకులకి వేసి సముద్రం పట్టాను.
"ఏటి గుమస్తా గోరూ, కూరకా?
పులుసులో ఎతుక్కోడానికి కల్లజోడు గావాల!"
ఎల్లాజీ నవ్వాడు. నవ్వనీ.

స్టీలు గోడకి ఆనుకోవడానికి ఆకు లేదు.
రంగు మార్చాలని చూశాయి.
గోధుమ పోయింది, బెల్లం పోయింది,
ఒక బూడిదరంగు దగ్గర ఆగిపోయి ఆయాసపడ్డాయి.
పాచిముక్క వేశాను,
నాలుగూ ఒకే కొమ్మకి అతుక్కున్నాయి.

రాళ్ల దాకా నడుములోతు.
దానమ్మ ముందు నడిచింది,
నాకు ఈత రాదని ఊరంతటికీ తెలుసు.
రాళ్లు బోడిగా ఉన్నాయి. ఒక పగులులో మాత్రం
గుప్పెడు పాచి, పళ్లు బిగించి పట్టుకున్నట్టు.
అక్కడ వంచాను డబ్బా.
ఒకటి. రెండు.
మూడోది నా వేలిని పాచి అనుకుంది.
గోరు పక్కన నిలబడి
నా చెయ్యి చలికి ఎలా వణికితే అలా ఊగింది.
ఎంతసేపో తెలీదు, నేను వేలు తియ్యలేదు.
నాలుగోది ఎప్పుడు వెళ్లిందో చూడలేదు.

ఆ రోజూ వేలం లేదు. అయినా పుస్తకం తెరిచాను.
తేదీ వేశాను. సరుకు దగ్గర పాచిపిల్ల,
లెక్క దగ్గర నాలుగు,
రేటు దగ్గర పెన్సిల్ ఆగింది.
కొంగు పిండుకుంటూ దానమ్మ తొంగిచూసింది,
ఆమెకి చదువు రాదు.
"ఏటి రాసినావు?"
చదివి వినిపించాను.
"మరి ఆ గుడ్లు కాసినోడో?"

ఇద్దరం ఆ చిప్ప ఉన్న రాయి వైపు చూశాం.
పోటు మొదలైంది,
అప్పటికే నీళ్లు దాని మీదికి వచ్చేశాయి.